కాటా

ముందొచ్చినోళ్ళు కుట్టుమిషన్లిచ్చినారు,
ఇంటికొకటి, పచ్చ రంగువి.
తాబేళ్ళు గుడ్లెట్టే నెలల్లో
ఏటకెల్లొద్దన్నారు గదా,
మగోళ్ళు ఇసకలో కూకుని బీడీలు లెక్కెట్టుకుంతంటే
మావు జాకెట్లు కుట్టుకుని బతకాలంట.
ఎవులికి కుట్టాల?
పేటలో నూటపది మిషన్లు,
నూటపది మంది దర్జీలు,
జాకెట్టు కుట్టించుకునే మడిసి ఒక్కరూ నేరు.
మా దండాసి సిరిగిన తెరసాప కుట్టబోయి
సూది ఇరగ్గొట్టినాడు.
ఇప్పుడు దాని మీద సేపల బుట్ట ఎడతన్నాను.
ఎత్తు బాగుంది,
నడుం ఒంగక్కరనేదు.

తరవాతోళ్ళు పడవ ఇచ్చినారు.
అబద్దమెందుకు, మంచి పడవే.
ఫైబరుది. నూనె రాసిన తలలాగ మెరిసీది.
దాని పక్కన తమ పేరు రాయించుకున్నారు
గంగమ్మ పేరు కన్నా రెండు జానలు పెద్దగా.
ఫొటోకి నవ్వమన్నారు.
సూరాడ జగ్గమ్మకి ముందు పళ్ళు నేవు,
సెయ్యి అడ్డమెట్టుకుంది.
సెయ్యి తియ్యమన్నారు.
పది ఇళ్ళకి ఒక పడవ,
పదో ఇంటి వంతుకి ఇంజను ఆగిపోనాది.
బాగుసెయ్యడానికి డబ్బులెవులిచ్చినారు?
పాత్రో బాబే.
పద్దులో రాసుకుని.

పద్దు మాటొస్తే
ఆయన కాటా మాట సెప్పాల.
ఛత్రపురం నుంచి బండి మీద తెస్తాడు.
కొక్కేనికి బుట్ట తగిలించి
ముల్లు ఊగుతుండగానే సదివేస్తాడు.
ఏడేళ్ళప్పట్నుంచి తలమీద మోస్తన్నాను,
అయిదు కిలోలంటే ఏటో నా మెడకి తెలుసు.
ఆయన కాటాకి అవి నాలుగు.
ఆ ఒక్క కిలో ఎటెల్లిపోతాది?
మా అమ్మ కాలం నుంచీ ఎల్లిపోతన్నాది.
బరంపురంలో దానికి మేడుందంట,
రెండంతస్తులు.

వానలు తగ్గేక ఒక ఒడియా పిల్లొచ్చింది,
ఇతిశ్రీ అంట.
కెమెరా నేదు. గొడుగూ నేదు.
ఇసకలో నా పక్కనే కూకుంది.
పొలుసులంటుతాయమ్మా అన్నాను.
అంటనీ అంది.
"కొణొ దొర్కార్, మావుసీ?"

ఏటి కావాల, పిన్నీ.

నాకు యాభై రెండేళ్ళు.
ఈ మాట నన్నెవులూ అడగనేదు.
ఇచ్చినోళ్ళందరూ
నాకేటి కావాలో ముందే తెలిసినోళ్ళు.
గొంతులో ఏదో ముల్లు అడ్డంపడ్డట్టయింది.
ఇల్లడుగు అత్తా, టీవీ అడుగు అత్తా,
ఎనకనుంచి పిల్లలు గొడవ.
"కాటా" అన్నాను.
ఆ పిల్లకి అర్థంకానేదు.
"సరిగ్గా తూగీది. మాది."
రాసుకుంది.
నా పేరు ఒడియా అచ్చరాల్లో
వలకి కట్టిన బెండుల్లాగ
గుండ్రంగా, వరసగా తేలింది.

ఇరవై రోజులకి వచ్చినాది.
ఎర్ర అంకెలు, సీకట్లో కూడా కనపడతాయి.
పేట పేటంతా వచ్చి తూగినాది.
పసిపిల్లల్ని తూసినారు, కోడిని తూసినారు,
దండాసి తన సెప్పులు ఇడిసి ఇడిగా తూసినాడు,
ఎడమది బరువంట.
మర్నాడు నెత్తళ్ళు.
అయిదు కిలోల రెండొందలు.
పాత్రో బాబు అంకెల్ని సూసినాడు,
నన్ను సూసినాడు,
"మన మధ్య ఇదేటి ఎల్లమ్మా" అని నవ్వినాడు,
బండి తిప్పుకుని ఎల్లిపోనాడు.

తొమ్మిది రోజులు రానేదు.
నెత్తళ్ళు ఇసక మీద ఎండబోసినాం.
కాకులు తిన్నవి తిన్నాయి,
మంచుకి కుళ్ళినవి కుళ్ళినాయి.
"రాత్రికి కాటా వండుకుని తింటావేటే"
అని అడిగింది జగ్గమ్మ,
నోటికి సెయ్యి అడ్డం పెట్టుకోకుండానే.
ఏటి సెప్పను?
అంకెల మీద గుడ్డ కప్పి పడుకున్నాను.

పదో నాడు బండి సప్పుడైంది.
కొక్కెం తేనేదు.
బుట్ట నానే ఎత్తి నా కాటా మీద పెట్టినాను.
ఊగడానికి ముల్లు నేదు,
అంకె నిలబడిపోయింది.
ఆయన ఏటీ అననేదు.
ధర మాత్రం
కిలోకి నాలుగు రూపాయలు తగ్గించినాడు.

ఆ పిల్ల మళ్ళీ వస్తానంది.
వస్తే ఇసకలో కూకోబెట్టి
ఆ నాలుగు రూపాయల మాట సెప్పాల.